కాల్షియం అనుకుని స్లైడు కూడా చేశాను

పీహెచ్‌డీ రెండో ఏడు. కణాల్లో కాల్షియం ఎంతుందో కొలవడం నా పని. ఫ్యూరా-2 అనే రంగు వాడేదాన్ని. దానికి కాల్షియం అంటుకుంటే 340 నానోమీటర్ల కాంతికి మెరుపు పెరుగుతుంది, 380కి తగ్గుతుంది. ఆ రెండింటి నిష్పత్తే లెక్క. ఒకరోజు కణాల మీద కాడ్మియం క్లోరైడ్ వేశాను. తెరమీద ఆ నిష్పత్తి చూపించే గీత మెల్లగా లేచింది, ఇక దిగలేదు. కాడ్మియం వల్ల కాల్షియం పెరిగిపోతోందని తేల్చేసుకుని, ఆ రాత్రే ప్రజెంటేషన్‌కి స్లైడు కూడా చేసేశాను.

మర్నాడు ల్యాబ్‌లో సీనియర్ అక్క చూసి, "టీపెన్ వేశావా?" అంది.

వేయలేదు. టీపెన్ కాడ్మియం, జింకు లాంటి లోహాలను గట్టిగా పట్టేస్తుంది, కాల్షియం జోలికి పెద్దగా పోదు. టెన్షన్ పడుతూనే వేశాను. గీత జారి దాదాపు మొదలైన చోటికే వచ్చింది. అంటే నేను చూసింది కాల్షియాన్ని కాదు, లోపలికి దూరిన కాడ్మియాన్నే!

రంగును తిట్టుకున్నాను కానీ, పాపం అది మోసపోయిన తీరులోనే ప్రోటీన్లూ మోసపోతాయి. కణంలో కాల్షియం పెరిగిందని పసిగట్టి ఎంజైములను నడిపే ప్రోటీన్, కాల్మోడ్యులిన్‌నే తీసుకోండి. 148 అమైనో ఆమ్లాలు, కాల్షియం కూర్చోడానికి నాలుగు గుంటలు. ఒక్కో గుంట 12 అమైనో ఆమ్లాల మెలిక. అందులో ఏడు ఆక్సిజన్లు చుట్టూ చేరి కాల్షియం అయానును, అంటే ధనావేశమున్న పరమాణువును, పట్టుకుంటాయి. లోపలికొచ్చింది ఎవరో గుంటకు తెలియదు. రెండు ధనావేశాలు, సరిపడా సైజు ఉంటే చాలు. కాల్షియం అయాను వ్యాసార్ధం సుమారు 1 ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యి కోట్లో వంతు), కాడ్మియానిది 0.95. మెగ్నీషియం 0.72 మాత్రమే, పైగా చుట్టూ ఉన్న నీటిని ఓ పట్టాన వదలదు. అందుకే కణంలో అది ఎంత ఎక్కువున్నా గుంట దాన్ని చాలావరకు పక్కన పెట్టగలదు. ఎప్పుడూ ఎదురయ్యే మెగ్నీషియంతో వేగడం దానికి అలవాటే, కాడ్మియం మాత్రం కొత్త ముఖం.

సీసం ఇంకా విచిత్రం. 1.19 ఆంగ్‌స్ట్రామ్‌లు, కాల్షియం కన్నా లావు. అయినా కాల్మోడ్యులిన్‌కి కాల్షియం కన్నా గట్టిగా అంటుకుంటుంది. నన్నడిగితే అసలు చిక్కు ఇక్కడే. కాల్షియం గొప్పతనం అంటుకోవడంలో లేదు, వదిలిపోవడంలో ఉంది. మామూలప్పుడు కణద్రవంలో అది 100 నానోమోలార్ దగ్గర, అంటే చాలా తక్కువ గాఢతలో ఉంటుంది, కబురొస్తే పదింతలవుతుంది, పంపులు తోడేయగానే గుంటలు ఖాళీ. సీసం అంత తేలిగ్గా లేవదు. పైగా కాల్మోడ్యులిన్‌ను నిజంగానే మేల్కొలిపి, అది నడిపే ఎంజైములను అకారణంగా పనిలోకి దింపుతుంది. మోతాదు పెరిగితే అదే సీసం పని ఆపేస్తుంది కూడా. (పాదరసం సంగతి వేరు. దానికి ఆక్సిజన్ కన్నా గంధకం మీద మోజెక్కువ.)

ఆ స్లైడు ఇంకా నా కంప్యూటర్లోనే ఉంది. ఫైలు పేరులో 'కాల్షియం' తీసేసి 'ఏదో పెరిగింది' అని పెట్టుకున్నాను.