కాదనడం లేదు

మొన్న అన్నం తింటూ మా పదిహేనేళ్లవాడు అడిగాడు: "అమ్మా, నేనూ అలాంటి పని చేస్తే మీటింగ్‌కి వస్తావా? అమ్మమ్మకి ఎగ్జామ్స్ అని చెప్పి దాచేస్తావా?"

వాడి ఫ్రెండొకడు రాత్రిపూట ఇంకో ఇద్దరితో కలిసి మా సందు చివరి డెయిరీ (న్యూజిలాండ్‌లో వీధి మూల చిన్న కొట్టుని ఇలాగే అంటారు) తలుపు పగలగొట్టాడు, వేప్‌ల కోసం, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్ల కోసం. వినగానే నేనన్న మాట, "వాడితో తిరగొద్దు."

న్యూజిలాండ్‌లో 14 నుంచి 17 ఏళ్ల పిల్లల కేసులు కోర్టుదాకా వస్తే, చాలావరకు యూత్ కోర్టుకే వెళ్తాయి. పిల్లాడు "కాదనడం లేదు" అంటే చాలు, జడ్జి ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్ పెట్టమంటారు. 1989 చట్టం నుంచీ ఇదే పద్ధతి. పిల్లాడు, ఇంటివాళ్లు, పోలీసు, లాయరు, ఇష్టమైతే నష్టపోయినవాళ్లు కూడా ఒక్కచోట కూర్చుంటారు. మధ్యలో బయటివాళ్లంతా లేచి వెళ్లిపోతారు. దీన్నెలా సరిదిద్దాలో ఇంటివాళ్లే తేల్చుకోవాలి. ఒప్పుకున్నవన్నీ చేస్తే, అసలు కేసే పెట్టనట్టు కొట్టేయొచ్చు కూడా.

మమ్మల్ని అలా ఓ గదిలో వదిలేస్తేనా! మా ఆయన "అంతా మీ తమ్ముడి పోలిక" అంటారు. నేను వాళ్ల బాబాయి సంగతి తీస్తాను. వీడియో కాల్‌లో మామయ్యగారు "ఇండియా పంపించేయండమ్మా" అంటారు. ఈలోపు టైమ్ అయిపోతుంది.

డెయిరీ ఆయన గుజరాతీ. ఆ కుర్రాడి కాన్ఫరెన్స్ మీటింగ్‌కి వచ్చి, తలుపు గంట మోగితే చాలు మా ఆవిడ ఉలిక్కిపడుతోంది అన్నాడట. ఆ కుర్రాడు హుడీ తాడు వేలికి చుట్టుకుంటూ తల దించుకునే సారీ చెప్పాడట. ఆ సారీతో ఆవిడ భయం పోయిందా? 2022లో కుర్రాళ్లు కార్లతో కొట్లు గుద్ది దోచుకునే రోజుల్లో "ఇంత మెతక చట్టాలేంటి, లోపలెయ్యాలి" అని మా తెలుగు వాట్సాప్ గ్రూపులో రాసింది నేనే.

మావాడు ఎనిమిదేళ్లప్పుడు అదే కొట్లోంచి చాక్లెట్ జేబులో వేసుకొచ్చాడు. మర్నాడు వాడు స్కూలుకెళ్లాక నేనొక్కదాన్నే వెళ్లి, కౌంటర్ మీద రెండు డాలర్లు పెట్టి, "నిన్న ఇవ్వడం మర్చిపోయాం" అని వచ్చేశాను. వాడికి సారీ చెప్పే అవసరమే రానివ్వలేదు. పరువు నాది కదా!

ఆ కుర్రాడికి శనివారాలు పార్కులో చెత్త ఏరే పని పడింది. పోయిన శనివారం మావాడూ తోడు వెళ్లాడు. తిరగొద్దన్న నేనే టిఫిన్ డబ్బాలో ఇద్దరికీ పులిహోర పెట్టాను. వాడటు వెళ్లాడో లేదో అమ్మ ఫోన్. "మనవడేడే?"

"ట్యూషన్‌కెళ్లాడమ్మా" అన్నాను.