తదితరులు పాల్గొన్నారు

జిల్లా పేజీలో ఫుట్‌బాల్ ఫొటో ఎలా ఉంటుందో చూసే ఉంటారు. మెడలో దండతో, తెల్ల చొక్కాలో ముఖ్య అతిథి బంతిని తన్నుతూ ఉంటారు. వెనక వ్యాయామ ఉపాధ్యాయులు చప్పట్లు కొడుతూ ఉంటారు. ఆటగాళ్లు అంచున సగం సగం కనిపిస్తారు. పైన ‘క్రీడలతో మానసికోల్లాసం’ అనే శీర్షిక. శ్రీకాకుళం ఆర్ట్స్ కళాశాల మైదానం నుంచి అలాంటి ఫొటోలు ఏళ్ల తరబడి పంపిన కంట్రిబ్యూటర్‌ను నేను.

1989లో ‘ఈనాడు’ జిల్లాకొక టాబ్లాయిడ్, అంటే చిన్న సైజు పత్రిక, తెచ్చాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. అంతకుముందు మండల స్థాయి ఆటల పోటీ పత్రికలోకి ఎక్కడమంటే గొప్ప సంగతే. టాబ్లాయిడ్ వచ్చాక రోజూ నింపాల్సిన పేజీలు, వాటిని నింపడానికి మావంటి వాళ్లు అవసరమయ్యారు. జీతం లేదు. అచ్చయిన వార్తను కత్తిరించి, కాగితం మీద అతికించి, స్కేలుతో కొలిచి నెలాఖరున పంపితే సెంటీమీటర్ల లెక్కన డబ్బు. మొదట్లో వార్త రాసి కవరులో పెట్టి విశాఖ బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాళ్లం. బస్సు చెడిపోతే ఫైనల్ ఫలితం మరునాటికి వాయిదా. నా ఆట మాత్రం ఫుట్‌బాలే. కళాశాల జట్టులో ఎడమ వైపు పరుగెత్తినవాణ్ని కాబట్టి గోల్ ఎలా పడిందో రాయకుండా ఉండలేకపోయేవాణ్ని.

విశాఖలో వార్తలు దిద్ది పేజీల్లో పెట్టే డెస్కుకు అదే అక్కర్లేదు. చోటు చాలకపోతే వార్తను కింద నుంచి కోస్తారు. నేను ఆట పైన, అతిథులు కింద రాసేవాణ్ని. వాళ్లు అతిథులను పైకి తెచ్చి, తర్వాత కోసేవాళ్లు. వేదిక మీద కూర్చున్న వారందరి పేర్లూ హోదాలతో సహా మిగిలేవి, గోల్ కొట్టినవాడు పోయేవాడు. అందులో లెక్క ఉంది. పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటన ఇచ్చేది ఆ వేదిక మీది వారి అనుచరులే. ఆ ప్రకటన అడిగి తేవలసింది కూడా క్రీడావార్త రాసే నేనే, ఎందుకంటే కమీషన్ అందులోనే ఉంది. పొద్దున ప్రకటన అడిగిన పెద్దమనిషి పేరును సాయంత్రం వార్త అడుగున పెట్టడం అంత తేలిక కాదు.

లండన్ టాబ్లాయిడ్లలో ఫుట్‌బాల్ రాసేవారి సంగతి చదివి మొదట్లో అసూయపడ్డాను. అక్కడ చివరి పేజీ అంతా ఆటదే, వార్త మీద రాసినవాడి పేరు, కొన్నిసార్లు ఫొటో కూడా. అయితే అక్కడి డెస్కు కత్తెర మరో రకం. 1992 యూరో పోటీల్లో ఇంగ్లండ్ 1-2తో స్వీడన్ చేతిలో ఓడితే ‘ది సన్’ పత్రిక కోచ్ గ్రాహమ్ టేలర్ తలను టర్నిప్ దుంపగా మార్చి అచ్చేసింది. మా డెస్కు ఆటను కోసేది, వాళ్లది మనిషిని కోసేది.

దుంప బొమ్మ అయినా కాసేపటి నవ్వులాట అనుకోవచ్చు. హిల్స్‌బరో అలా కాదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని ఆ మైదానంలో తొక్కిసలాట జరిగి, గాయపడి చాలా ఏళ్ల తర్వాత పోయినవారితో కలిపి 97 మంది లివర్‌పూల్ అభిమానులు మరణించారు. నాలుగు రోజుల తర్వాత అదే ‘సన్’ మొదటి పేజీలో ‘నిజం’ అని పెద్ద అక్షరాలతో వేసి, అభిమానులు మృతుల జేబులు కొట్టారని రాసింది. వార్త రాసిన హ్యారీ ఆర్నాల్డ్ ఆ శీర్షిక చూసి తానే నిర్ఘాంతపోయానని తర్వాత చెప్పాడు. శీర్షిక పెట్టింది ఎడిటర్. ఆరోపణలు అబద్ధమని 2012లో స్వతంత్ర బృందం తేల్చాక పత్రిక క్షమాపణ చెప్పింది. లివర్‌పూల్‌లో ఆ పత్రికను కొనని వాళ్లు ఇప్పటికీ ఎందరో. 2017లో క్లబ్బు ఆ పత్రిక విలేకరులను తన మైదానంలోకే రానివ్వనంది.

ఒక ఊరు ఊరంతా కలిసి పత్రిక కొనడం మానేస్తే గానీ లండన్ దాకా వినపడని పాఠకుల మాట నాకు ఏడు రోడ్ల కూడలిలో టీ తాగుతుండగానే వినపడేది. జిల్లా వార్త మీద నా పేరు ఉండదు, ఊరి పేరే ఉంటుంది. అయినా ఎవరు రాశారో అందరికీ తెలుసు. అంతర పాఠశాలల ఫైనల్లో పెనాల్టీ ఆపి జట్టును గెలిపించిన గోల్‌కీపర్ పేరు ఒకసారి డెస్కులో ఎగిరిపోయింది. మర్నాడు వాళ్ల నాన్న పత్రిక మడిచి పట్టుకుని వచ్చారు. ‘‘బాబూ, మా వాడు తదితరుల్లో ఉన్నాడా?’’ అని అడిగారు. ‘తదితరులు పాల్గొన్నారు’ అనే చివరి వాక్యాన్ని వేలితో చూపిస్తూ అడిగారు. డెస్కు విశాఖలో ఉందని ఆయనకు చెప్పి ఏం లాభం? మరుసటి పోటీ వార్తలో ఆ అబ్బాయి పేరును మొదటి వాక్యంలోనే, ముఖ్య అతిథి పేరుతో కలిపి రాశాను: ఫలానా వారు గోల్‌కీపర్ ఫలానాను అభినందించారు అని. ఒకరిని కోస్తే ఇద్దరూ పోతారు కాబట్టి కోయలేదు. ఆ తర్వాత ఈ పద్ధతి చాలాసార్లు వాడాను. పెద్దలకూ కోపం రాలేదు, అభినందించిన పేరు వాళ్లకే వచ్చింది కదా.

ఫుట్‌బాల్‌కు మా జిల్లాలో ఇంతకు మించి చోటు దొరకడం కష్టం. ఆమదాలవలస ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు, ఆ వారమంతా నేను బంతి ఊసే ఎత్తలేదు. ఎత్తితే నన్నే మైదానం దాటించి ఉండేవారు.

ఇప్పుడు స్కోర్లు వాట్సాప్‌లో వెళ్తున్నాయి, కండక్టర్ల పని తప్పింది. కొత్త చిక్కు 2022లో జిల్లాలు విడదీసినప్పటి నుంచి వచ్చింది. రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. అక్కడి కుర్రాళ్లు శ్రీకాకుళం వచ్చి ఆహ్వాన పోటీల ఫైనల్ గెలిచినప్పుడు, వార్త ఏ జిల్లా పేజీలో వేయాలని డెస్కు ఫోన్ చేసింది. రెండింటిలోనూ వేయమన్నాను. గెలిచిన రాజాం జట్టు పేర్లు విజయనగరం పేజీలో వచ్చాయి. శ్రీకాకుళం పేజీలో ఓడిన మా జట్టు, ముఖ్య అతిథి మాత్రమే ఉన్నారు. ఎవరి చేతిలో ఓడారో ఎక్కడా లేదు.