జూన్ 15 కోసం

రాత్రి పన్నెండున్నర. ఈయన ఒకసారి లేచి, "ఇంకా పడుకోలేదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే మళ్ళీ గురక మొదలుపెట్టారు. మే నెల ఉక్క గురించి విశాఖలో ఉన్నవాళ్ళకు కొత్తగా చెప్పక్కరలేదు. కానీ ఇవాళ నిద్ర పట్టకపోవడానికి ఉక్క కారణం కాదు.

ముందు కోపం తీర్చేసుకుంటాను.

శనివారం కదా, ఇంట్లో కష్టాలున్న పిల్లలతో బొమ్మలు వేయించి, ఇసుకతో ఆడించే మా కేంద్రానికి, ఆ పిల్లల దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వచ్చి ఉన్నారు. మా కేంద్రానికి డబ్బు సాయం చేసేవాళ్ళలో ఒకరు, పేరెందుకులెండి. పిల్లలు వేసిన బొమ్మలన్నీ పరీక్ష పేపర్లు తిరగేసినట్టు తిరగేసి, "వీటికి ఫ్రేములు కట్టించి ప్రదర్శన పెడదాం. ఒక్కో బొమ్మ కింద ఆ పిల్ల కథ రెండు వాక్యాల్లో రాయండి. తండ్రి తాగుతాడు, తల్లి వదిలేసింది, అలా. చూసేవాళ్ళ మనసు కరగాలి కదా" అన్నారు. పిల్లలు అక్కడే, చాప మీద, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నారు!

అంతటితో ఆగలేదు. ఒక పాప కాగితం ఎత్తి పట్టుకుని, "ఇదేమిటమ్మా, ఏనుగా?" అన్నారు. పాప బొమ్మను చూసింది, ఆవిడను చూసింది, "అవునండీ, ఏనుగే" అంది. అరగంట ముందే నాకు చెప్పింది, అది వాళ్ళమ్మ తాకట్టు పెట్టిన కుట్టుమిషను. పెద్దవాళ్ళకు ఏ జవాబు కావాలో పిల్లలకు భలే తెలుస్తుంది. ముఖ్యంగా ఇంట్లో గొడవలు చూసి పెరిగే పిల్లలకు. ఎదుటివాళ్ళ మొహం చదవడం వాళ్ళకు ఎక్కాలకన్నా ముందే వస్తుంది. అందుకే మాకు శిక్షణలో మొదటిరోజే చెప్పారు: "ఇదేమిటి" అని అడగకండి, "బాగుంది" అని కూడా అనకండి, కనబడిందే చెప్పండి. "నీలం తీసుకున్నావు", "ఇక్కడ గట్టిగా రుద్దావు", అంతే. వాడు చెప్పాలనుకుంటే చెబుతాడు.

ఆ శిక్షణ రెండు రోజులే. మేము వైద్యులం కాము, ఆ సంగతి రోజూ గుర్తు చేసుకుంటాం. ఎవరైనా బిడ్డ దెబ్బల గురించో అంతకన్నా ఘోరమైన దాని గురించో నోరు విప్పితే రంగులు పక్కనపెట్టి సైకాలజిస్టు గారికి చెప్పాలి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయాలి. చికిత్స అన్న మాట మా దగ్గర ఎవరూ వాడరు. మొదట్లో ఒకసారి వాడాను. ఒక తల్లి వెంటనే, "మావాడిని వాల్తేరు మెంటల్ ఆసుపత్రికి తీసుకెళ్ళమంటారా అమ్మా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పటినుంచి అది ఇసుక ఆట.

ఇసుక పెట్టె మా వడ్రంగి చేసిందే. లోపల అడుగునంతా నీలం రంగు వేయించాం. ఇసుక పక్కకు జరిపితే నీళ్ళు కనబడతాయి. దాదాపు వందేళ్ళ క్రితం లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరు తన దగ్గరికి వచ్చే పిల్లల ముందు ఇసుక పళ్ళాలు, చిన్న చిన్న బొమ్మలు పెట్టారట. వాటితో కట్టినదానికి "ప్రపంచం" అని పేరు పెట్టింది ఆ పిల్లలే. మా ప్రపంచానికి ఇసుక పక్కవీధి కట్టుబడి దగ్గరినుంచి వచ్చింది. జల్లించింది అత్తయ్య పిండి జల్లెడతో. ఆ జల్లెడ కోసం ఇంట్లో పెద్ద యుద్ధమే అయింది.

నాకు ఇదంతా శిక్షణలో కొత్తగా అనిపించలేదు. నా చిన్నప్పుడు వన్‌టౌన్‌లో మేముండే ఇంట్లో వెనకవాటా మామ్మగారు ఉండేవారు. నాన్న ఉద్యోగం పోయిన ఏడాది అది. సాయంత్రం అయ్యేసరికి లోపల గొంతులు లేచేవి. నేను నా ఏటికొప్పాక లక్కపిడతలు తీసుకుని మెట్ల మీద కూర్చునేదాన్ని. మామ్మగారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చునేవారు. ఏం గొడవ అని ఒక్కనాడూ అడగలేదు. నేను వడ్డించిన ఇసుక అన్నం వేళ్ళతో కలిపి, "ఉప్పు కాస్త ఎక్కువైందే" అనేవారు. ఒకరోజు నేను పొయ్యి, గిన్నెలు, అన్నీ కాలితో తన్నేశాను. ఎరుపు మూత ఒకటి దొర్లుకుంటూ కాలవలో పడింది. తిడతారనుకున్నాను. "ఇవాళ వంట లేదన్నమాట. సరే, రేపు వస్తాను" అని లేచి వెళ్ళిపోయారు. మర్నాడు అదే వేళకు వచ్చారు కూడా. ఆ మూత లేని పిడత మొన్నటిదాకా నా బీరువాలో ఉంది, ఇప్పుడు ఇసుక పెట్టె బొమ్మల్లో చేరింది.

ఇంత తెలిసినదాన్ని ఇవాళ నేను చేసిన పని వినండి.

ఒక బాబు ఉన్నాడు, రేవు దగ్గరి పిల్లవాడు. (వయసు, ఆనవాళ్ళు రాయను.) ఇవాళ వాడు పెట్టెలో పడవలన్నీ ఒక మూల వరసగా కట్టేశాడు. తరవాత మోచేతులతో ఇసుకంతా నెట్టి నెట్టి, పెట్టె సగానికి పైగా నీలం చేశాడు. ఒక్క మనిషి బొమ్మ కూడా పెట్టలేదు. నేను ఫొటో తీశాను. అది తప్పు కాదు, రికార్డు కోసం తీస్తాం. కానీ ఇంటికి వచ్చే దారిలో, ఆటోలోనే, దాన్ని మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి కింద రాశాను: "సముద్రం మీదికి వెళ్ళిన నాన్న కోసం ఎదురుచూపు". పద్నాలుగు హృదయాలు వచ్చాయి. విజయవాడ పిన్ని "పాపం బిడ్డ" అంది.

రాత్రి అన్నం తింటుంటే తట్టింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం. మరబోట్లన్నీ రేవులోనే ఉన్నాయి. వాడి నాన్న సముద్రం మీద లేడు, ఇంట్లో ఉన్నాడు. పని లేదు, చేతిలో డబ్బు లేదు, పొద్దున్నుంచి సీసా ఉంది. బాబు వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ అడిగాడు కదా, "వేట మళ్ళీ ఎప్పుడు టీచర్?" అని. జూన్ 15 అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "ఇరవై తొమ్మిది" అన్నాడు.

నేను దాన్ని బెంగ అనుకున్నాను.

పడవలు వెళ్ళడానికి దారి తవ్వుతున్నాడేమో. ఏమో, ఇది కూడా నేను తగిలించే ఇంకో వాక్యమే. ఆవిడ ఫ్రేము కింద రాయమన్నది రెండు వాక్యాలు, నేను ఒక్కటే రాశాను. పైగా ఆవిడ పిల్లల ముందే అన్నారు, నేను చాటుగా చేశాను. ఆవిడ డబ్బుతోనే ఈ ఏడాది రంగులు, కాగితాలు వచ్చాయని కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. అయినా ప్రదర్శనకు ఒప్పుకోను. కావాలంటే కుట్టుమిషను పాపను అడిగి, ఆ పాప వాళ్ళమ్మను అడిగి, ఇద్దరూ సరేనంటే పేరూ కథా లేకుండా పెట్టుకోమంటాను. ఆవిడకు కోపం వస్తే రంగులు మేమే కొనుక్కుంటాం. ఎలాగో తెలియదు.

ఫొటో అందరికీ కనబడకుండా తొలగించాను. పిన్ని ఈ వేళప్పుడు కూడా మెలకువగానే ఉంది, "ఏం తీసేశావే?" అని అడిగింది. ఏమీ లేదు పిన్నీ అన్నాను.

జూన్ 15లోపు ఇంకా నాలుగు శనివారాలు ఉన్నాయి. ఇసుకలో చీమలు పట్టాయి, మళ్ళీ జల్లించాలి. అత్తయ్య జల్లెడ ఎక్కడో దాచేశారు.