చీపురుపుల్ల కొలత

శనివారం, రాత్రి పది గంటలు

ఈ మధ్యాహ్నమంతా ఒక స్కీ దుకాణంలో, చెక్క బల్ల మీద, ఉత్త కాళ్ళతో కూర్చుని గడిపాను. డెన్వర్‌కు వచ్చి ఆరేళ్ళయింది, మంచు మీద జారడం నేర్చుకోవడం మొదలుపెట్టి ఇది మూడో చలికాలం. అయినా ఒక మనిషి నా పాదాన్ని చేత్తో పట్టుకుని, వేళ్ళూ మడమా తడిమి చూసి, ఆ తర్వాతే బూట్ల మాట ఎత్తడం ఈ రోజే మొదటిసారి.

పోయిన ఆదివారం సంగతి ముందు రాసుకోవాలి. అమ్మాయీ నేనూ లవ్‌ల్యాండ్‌కు వెళ్ళాం. ఐ-70 రహదారి మీద పడమరగా 50 మైళ్ళకు పైగా ప్రయాణించి, ఐసెన్‌హోవర్ సొరంగంలోకి వెళ్ళే ముందే పక్కకు తిరిగితే వచ్చే కొండ అది. కింది మైదానమే సముద్రమట్టానికి 10,800 అడుగుల ఎత్తులో ఉంటుంది. మూడోసారి దిగేసరికి నా రెండు పాదాల ముందుభాగం మొద్దుబారిపోయింది. నాలుగోసారి లిఫ్టు కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ మొద్దుతనం వదిలి, వేళ్ళను రోట్లో వేసి దంచుతున్నంత పోటు మొదలైంది. పదకొండున్నరకే బూట్ల బకిల్స్ విప్పేసి లోపలికి వెళ్ళి కూర్చున్నాను. "నాన్నా, ఇంకొక్కసారి వెళ్ళొద్దాం" అని అడిగిన పిల్ల, నేను తల అడ్డంగా ఊపాక, ఒక్కతే వెళ్ళి వరుసలో నిలబడింది. కిటికీలోంచి ఆ పసుపుపచ్చ కోటును చూస్తూ కూర్చున్న అరగంటే నన్ను ఈ రోజు ఆ దుకాణానికి తీసుకువెళ్ళింది.

బూట్లు సరిచేసే ఆవిడకు అరవై ఏళ్ళుంటాయి. నొప్పి ఎక్కడ, ఎంతసేపటికి మొదలవుతుంది, బకిల్ వదులు చేస్తే తగ్గుతుందా, మడమ లోపల లేస్తోందా అని వరుసగా అడిగింది. నేను వేసుకువెళ్ళిన రెండు జతల ఉన్ని మేజోళ్ళను విప్పించి, ఒక్క పలుచటి జత ఇచ్చింది. రెండు జతలు వేసుకుంటే వాటి మధ్య పుట్టే ముడతలు చర్మాన్ని ఒరుస్తాయట, పైగా చెమట లోపలే నిలిచి పాదం ఇంకా చల్లబడుతుందట. లోపలి వెచ్చని పైజామా అంచును కూడా బూటులోకి దోపవద్దని, కాలికీ బూటుకీ మధ్య ఆ ఒక్క మేజోడు తప్ప వేరే గుడ్డ ఉండకూడదని చెప్పింది.

తర్వాత నిలబెట్టి, బరువంతా పాదాల మీద ఉండగా కొలిచింది. ఎడమది 26.3 సెంటీమీటర్లు, కుడిది 26.1. స్కీ బూట్ల సైజుకు మాండోపాయింట్ అని పేరు. అది పెద్ద శాస్త్రమేమీ కాదు, పాదం పొడవును సెంటీమీటర్లలో చెప్పడమే. నాకు సరిపడేది 26.5. మూడేళ్ళుగా నేను అద్దెకు తెచ్చుకుంటున్నవి 27.5. అద్దె బల్ల దగ్గర ప్రతిసారీ నన్ను అడిగింది ఒక్కటే, మామూలు బూట్ల నంబరు. చెప్పాను, దానికి సరిపోయే జత తీసి ఇచ్చారు. పరుగు బూట్లను కాస్త వదులుగా కొనుక్కునే అలవాటు నాకుందని వాళ్ళకు తెలిసే వీలు లేదు. కానీ కొలవడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషం కేటాయించని చోట ఎంతమంది, తమ కాళ్ళకు ఈ ఆట సరిపడదనుకుని మానేసి ఉంటారో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

ఆమె కొలుస్తూ ఉంటే నాకు నాన్న గుర్తొచ్చాడు. వైరా దగ్గర మా ఊళ్ళో, నాన్న చెప్పులు తేవడానికి ఖమ్మం వెళ్ళే రోజున, నన్ను గడప దగ్గర నిలబెట్టి, పాదం పక్కన చీపురుపుల్ల పెట్టి, మడమ నుంచి బొటనవేలి కొస దాకా చూసి, గోటితో తుంచి, ఆ పుల్లను చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. మాండోపాయింట్ అంటే ఆ పుల్లే.

ఆ తర్వాత ఆమె చూపించినది నేను ఎన్నటికీ మరచిపోను. బూటులోంచి మెత్తటి లైనర్‌ను పూర్తిగా బయటికి లాగేసి, ఉత్త ప్లాస్టిక్ షెల్‌లో నా పాదం పెట్టించి, వేళ్ళు ముందు గోడకు తగిలేదాకా జరగమంది. అప్పుడు మడమ వెనక మిగిలే ఖాళీని చూడాలి. 27.5 షెల్‌లో ఆ ఖాళీ దాదాపు మూడు సెంటీమీటర్లు ఉంది. 26.5 షెల్‌లో రెండుకు కొంచెం తక్కువ. సౌకర్యంగా జారాలనుకునేవారికి ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటే చాలునని, పోటీలకు దిగేవారు ఇంకా తగ్గించుకుంటారని చెప్పింది. సాధారణంగా 26కూ 26.5కూ షెల్ ఒకటేనని, తేడా అంతా లోపలి మెత్తలోనే ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది.

ఇన్నాళ్ళూ నేను బూటు బిగుతై నొప్పి పుడుతోందని అనుకున్నాను. అసలు కారణం బూటు పెద్దదై ఉండటం. పాదం లోపల ముందుకూ వెనక్కూ జరుగుతుంటే వేళ్ళు తమంతట తామే నేలను పట్టుకోవడానికి ముడుచుకుంటాయి, నేనేమో పట్టు చాలక పాదం పైభాగం మీది బకిల్‌ను ఒక్కో గాడి చొప్పున బిగిస్తూ పోతాను, ఆ పైభాగాన చర్మం కిందనే ఉన్న నరాలూ రక్తనాళమూ నొక్కుకుపోయి వేళ్ళు మొద్దుబారతాయి. మోకాలి కింద ఎముక మీద వచ్చే కమిలిన మచ్చలకూ ఇదే మూలం. మడమ స్థిరంగా లేనప్పుడు కాలు ప్రతి కుదుపుకూ వెళ్ళి బూటు నాలుకకు కొట్టుకుంటుంది.

బూటు లోపల ముందుభాగం వెడల్పు సంగతి వేరు. 98 మిల్లీమీటర్లు ఇరుకు, 100 మధ్యరకం, 102 ఆపైన వెడల్పు. నా పాదం ముందు విశాలంగా, వెనక మడమ దగ్గర సన్నగా ఉందని, నాకు 102 కావాలని ఆమె తేల్చింది. పదేళ్ళు వచ్చేదాకా బడికి తప్ప చెప్పులు వేసుకోని పాదం కనుక వేళ్ళు అలా విచ్చుకుని పెరిగాయని నా నమ్మకం. మడమలు నేలకు ఆనించి గొంతుకు కూర్చోగలరా అని అడిగితే కూర్చుని చూపించాను. చీలమండ బాగా వంగుతోంది కాబట్టి బూటు వాలుతో ఇబ్బంది రాదని అంది. నిలబడితే నా పాదం వంపు అణిగి, పాదం సాగుతోందని చూసి, ఆ వంపుకు ఊతమిచ్చే అడుగుమెత్తను విడిగా అమర్చింది.

26.5 తొడిగిన మొదటి క్షణంలో వేళ్ళు ముందు గోడకు నొక్కుకుని, నాకు భయం వేసింది. మడమను నేలకేసి రెండుసార్లు తట్టించి, పై రెండు బకిల్స్ ముందు పెట్టించి, మోకాళ్ళు ముందుకు వంచమంది. పాదం వెనక్కి సర్దుకుంది, వేళ్ళు గోడను వదిలాయి. గాజు చెయ్యి దాటేదాకానే బిగువు, మణికట్టు చేరాక హాయి. కింది బకిల్స్ కొక్కేనికి తగిలించి వదిలేస్తే చాలునంది. ఇరవై నిమిషాలు అలాగే నిలబెట్టింది. పన్నెండో నిమిషానికి ఎడమ చిటికెన వేలి పక్క ఎముక దగ్గర సన్నని మంట మొదలైంది. ఆమె అక్కడ గుర్తు పెట్టి, షెల్‌ను ఆ ఒక్క చోట వేడిచేసి, లోపలి నుంచి ఇనుప గుబ్బతో బయటికి నెట్టి, అలాగే చల్లారనిచ్చింది. మళ్ళీ తొడిగితే అక్కడ నొప్పి లేదు. లైనర్ వాడేకొద్దీ అణిగి వదులవుతుంది కాబట్టి ఈ రోజు కాస్త గట్టిగా ఉండటమే సరైనదని, నొప్పి వేరు బిగువు వేరని, రెండోదానికి భయపడవద్దని చెప్పి పంపింది.

రాత్రి భోజనమయ్యాక బూట్లు తొడుక్కుని ఇంట్లో గంటసేపు ఉన్నాను. అమ్మాయి పక్కనే కూర్చుని పావుగంటకోసారి "ఇప్పుడెలా ఉంది నాన్నా?" అని అడిగింది. తొమ్మిదిన్నరకు ఊరి నుంచి ఫోను వచ్చింది, అక్కడ ఆదివారం ఉదయం. తెర మీద నా కాళ్ళు చూసి, ఇంట్లో ఆ బూట్లేమిట్రా అని అమ్మ కంగారు పడింది. సంగతంతా చెప్పాను. నాన్న ఫోను అందుకుని, "కొలత నిలబెట్టే తీశారా, కూర్చోబెట్టా?" అని అడిగాడు. నిలబెట్టేనని చెప్పాను.

రేపు ఏడింటికి బయలుదేరాలి. అమ్మాయి నా సంచిలో పలుచటి మేజోళ్ళు ఒక్క జతే పెట్టింది.