హక్కు ఉండీ వదులుకున్న మాదిరి

థెస్సలొనీకయులకు రాసిన రెండవ పత్రిక మూడవ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు తన చేతిపని గురించి చెబుతాడు. ఎవరి దగ్గరా ఉచితంగా ఆహారం పుచ్చుకోలేదనీ, ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డామనీ గుర్తుచేసి, తొమ్మిదవ వచనంలో కారణం వివరిస్తాడు: “మీరు మమ్మును పోలి నడుచుకొనవలెనని మమ్మును మేము మాదిరిగా కనుపరచుకొనుటకే యీలాగు చేసితిమి గాని, మాకు అధికారములేదని చేయలేదు.”

ఈ వచనంలోని చివరి మాటను మనం తరచుగా దాటిపోతాం. సువార్త ప్రకటించేవారు సువార్త వలన జీవించాలని ప్రభువే నియమించాడని కొరింథు సంఘానికి రాసినవాడు ఈ పౌలే. పోషణ కోరే హక్కు అతనికి ఉన్నా, పని మానేసి ఇతరుల మీద పడి బ్రతికేవారు ఆ సంఘంలో ఉన్నందున దాన్ని వదులుకుని, తన చేతులతో కష్టపడి చూపించాడు. తప్పు చేయకుండా ఉండటమే మాదిరి అనుకుంటే మనం చాలా తక్కువకు తృప్తిపడినట్టే. న్యాయంగా తనకు చెందినదాన్ని పొరుగువాని కోసం విడిచిపెట్టినప్పుడే ఇతరులు మనలో క్రీస్తును గుర్తుపడతారని నా దృఢమైన నమ్మకం.

మన గోదావరి డెల్టాకు సువార్త తెచ్చినవారిలోనూ ఇలాంటి కష్టజీవులు ఉన్నారు. 1836లో మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చి, తరువాత నరసాపురంలో స్థిరపడిన జార్జి బీర్ చెప్పులు కుట్టే వృత్తివాడు, విలియం బౌడెన్ రాతిపనివాడు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పనులు మొదలైన తరువాత అక్కడికి చేరిన కూలీల మధ్య బౌడెన్ సువార్త చెప్పారు.

ఆ ఆనకట్ట కాలువల నీటి దగ్గరే నేడు మన విశ్వాసం పరీక్షకు నిలుస్తుంది. గోదావరిలో నీరు తగ్గి దాళ్వాకు, అంటే రబీ వరికి, వంతులవారీగా నీరిచ్చే సంవత్సరాల్లో, ఎగువ రైతు తన వంతు వచ్చినప్పుడు చేను నిండా నీరు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అదే బోదె (చిన్న పంటకాలువ) చివర, శివారు చేను పొట్టదశలో నెర్రెలిచ్చి ఉంటే, తన పైరుకు చాలినంత తడి అందగానే చేలోకి నీరు వచ్చే మడవ కట్టేసి, వంతు ఇంకా మిగిలి ఉండగానే నీటిని కిందికి వదిలే విశ్వాసి ఉన్నాడనుకోండి. ఆ శివారు రైతు ఏనాడూ మందిరంలో అడుగుపెట్టి ఉండకపోవచ్చు. అయినా పండుగ కూటాల్లో మైకు ద్వారా వినిపించే వాక్యాన్ని అతడు ఆ నీటితో కలిపే ఆలోచిస్తాడు. రొయ్యల చెరువుకు అనుమతి వచ్చినా, పక్కవారి వరిచేనుకు ఉప్పు ఊరుతుందని తెలిసి తవ్వకం మానుకున్నవాని సాక్ష్యమూ అటువంటిదే. తుపానుకు పంట నేలకొరిగిన ఏడు, ఒప్పందం ప్రకారం మక్తా (కౌలుగా ఇచ్చే ధాన్యం) బస్తాలన్నీ అడగగలిగి ఉండి కూడా కౌలు రైతుకు తగ్గించిన భూయజమానిది మరీ గొప్ప సాక్ష్యం, ఎందుకంటే ఆ నష్టం అతని సొంత గాదెలోనే కనిపిస్తుంది.

మనుష్యులకు కనబడాలని నీతికార్యాలు చేయవద్దని ప్రభువు హెచ్చరించాడు కనుక, ఇలాంటి త్యాగాన్ని సాక్ష్యాల సమయంలో మనమే లేచి చెప్పుకోవడం నాకు సరిగా తోచదు. మేలు పొందినవారు చెప్పుకుంటే చాలు. పౌలు తన సంగతి ఎత్తింది ఘనత కోసం కాదు, ఆ సంఘంలోని సోమరులను తిరిగి పనిలో పెట్టడానికి.

బాప్తిస్మానికి సిద్ధపడే యౌవనులను మన సంఘాల్లో కంఠస్థ వాక్యాలు అడుగుతున్నాం, అది మంచిదే. దానితోపాటు, నీకు హక్కుగా రావలసినదాన్ని ఎప్పుడైనా ఎవరికోసమైనా వదులుకున్నావా అని కూడా అడగడం అవసరమని నా అభిప్రాయం. అయితే ఆ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పవలసినవారు పొలాలూ చెరువులూ ఉన్న సంఘ పెద్దలే.