నేను పెట్టిన నలభై కేసుల ఆర్డరు

నిన్న సాయంత్రం మా ఎంబీఏ పిల్లలతో బీర్ గేమ్ ఆడించాను. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఆ ఉక్రోషం చల్లారకముందే రాసేస్తున్నాను.

పేరు చూసి కంగారు పడకండి, ఇందులో తాగేదేమీ లేదు. 1960లలో ఎంఐటీ స్లోన్ స్కూల్లో తయారైన ఆట. రిటైలర్, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ అని జట్టుకి నాలుగు కుర్చీలు. ఆర్డరు చీటీలు పైకి పోతాయి, సరుకు కిందికి వస్తుంది, రెండింటికీ వారాలు పడుతుంది. మిగిలిపోయిన ఒక్కో కేసుకి (అంటే బీరు పెట్టెకి) వారానికి అర డాలరు, ఇవ్వలేక బాకీపడ్డ కేసుకి డాలరు ఖర్చు రాసుకోవాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. కస్టమర్ ఎంత అడిగాడో రిటైలర్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

అనుమతికి మాత్రం రెండు వారాలు తిరిగాను. మొదటి అర్జీలో 'బీర్' కింద ఎర్రగీత గీశారు, రెండో అర్జీలో 'గేమ్' కింద. మూడోసారి 'సప్లై చైన్ ప్రాక్టికల్' అని రాస్తే అదే రోజు సంతకమైంది. కాబట్టి ఆఫీసుకి రాసే కాగితంలో ఆట అనే మాటే రానివ్వకండి. బోర్డులు, కేసులకి బదులు వాడే బిళ్ళలు, చీటీలు సిద్ధం చేసుకోవడం గంట పని.

అసలు కథ మూడో జట్టులో జరిగింది. డిస్ట్రిబ్యూటర్ కుర్రాడు రాలేదు. పదకొండేళ్ళుగా సప్లై చైన్ చెబుతున్నదాన్ని, ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. మామూలుగా ఈ ఆటలో కస్టమర్ మొదటి నాలుగు వారాలు నాలుగేసి కేసులు అడుగుతాడు, అయిదో వారం నుంచి ఎనిమిదేసి. సీనియర్లు ఈ సంగతి ముందే చెప్పేస్తారని, అంకెలు మార్చి కొత్త చీటీలు రాయమని ఒక సహోద్యోగికి అప్పగించాను. ఏం రాశారో నేను అడగలేదు.

మొదట్లో అంతా నాలుగు, నాలుగు. తర్వాత హోల్‌సేలర్ అమ్మాయి చీటీలో ఆరు వచ్చింది, ఆపైన తొమ్మిది, పద్నాలుగు. నా దగ్గరున్న పన్నెండు కేసులు ఊడ్చుకుపోయాయి. పదిహేను ఆర్డరు పెట్టాను, రాలేదు. ఇరవై పెట్టాను, అదీ రాలేదు. టెన్షన్‌లో నలభై రాసి పైకి పంపాను. ఫ్యాక్టరీ కుర్రాడు ఆ చీటీ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. నోరు మెదపకూడదని రూల్ పెట్టింది నేనే కదా!

దారిలో ఉన్న సరుకుని లెక్కలోంచి తీసేయకండని ఏటా బోర్డు మీద రాసేది నేనే. నిన్న అది గుర్తే రాలేదు. కొన్ని వారాలకి ఆ సరుకంతా ఒక్కసారిగా వచ్చి మీద పడింది. సరిగ్గా అప్పుడే హోల్‌సేలర్ నుంచి సున్నా, మళ్ళీ సున్నా. నా ముందు బిళ్ళలు గుట్టలా పేరుకున్నాయి. "బుద్ధున్న వాళ్ళెవరైనా ఇలా ఆర్డర్లు పెడతారా?" అని గొణిగాను. ఆ అమ్మాయికి వినబడింది. పక్క జట్టుకి కూడా.

యాభై వారాలని చెప్పి ముప్పైఆరో వారం దగ్గర ఆపేశాను. ఇది తప్పకుండా చేయండి, ఆట ఎప్పుడు అయిపోతుందో తెలిస్తే చివర్లో సరుకు ఖాళీ చేసే తెలివితేటలు మొదలవుతాయి. ఆపాక, కస్టమర్ ఆర్డర్లు ఎలా ఉండి ఉంటాయో గ్రాఫ్ గీయమన్నాను. అందరూ కొండలూ లోయలూ గీశారు. అందరికన్నా ఎత్తయిన కొండ నాది.

రిటైలర్లు కస్టమర్ చీటీలు తిప్పి చూపించారు. నాలుగు, తర్వాత ఎనిమిది, అంతే. మార్చడానికి తీరిక దొరకలేదట మహానుభావుడికి!

ఎంఐటీ ప్రొఫెసర్ జాన్ స్టెర్మన్ ఈ ఆట మీద 1989లో అచ్చువేసిన పరిశోధనలో జట్లకైన సగటు ఖర్చు, అవ్వాల్సిన కనీస ఖర్చుకి దాదాపు పది రెట్లు. ఈ ముక్క పిల్లలకి చెప్పి నన్ను నేను వెనకేసుకొచ్చాను. కానీ నాలుగు జట్లలో ఎక్కువ ఖర్చు మాదే. "మేడమ్, ఆ నలభై ఎందుకు పెట్టారు?" అన్నాడు ఫ్యాక్టరీ కుర్రాడు. కొరడా పిడి దగ్గర చిన్న కదలిక కొసకి పెద్ద దెబ్బవుతుందని, అలాగే కస్టమర్ దగ్గర చిన్న మార్పు ఫ్యాక్టరీ వైపు పోయేకొద్దీ పెద్ద ఆర్డర్లవుతుందని బుల్‌విప్ ఎఫెక్ట్ గురించి మొదలుపెట్టాను. "అది తెలుసు మేడమ్. మీరెందుకు పెట్టారని..." అన్నాడు.

హోల్‌సేలర్ అమ్మాయికి సారీ చెప్పాను. "నాకు మీ దగ్గర్నుంచి సరుకు రాలేదు మేడమ్, అందుకే పెంచుకుంటూ పోయాను" అంది. పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది. రేపు ఉద్యోగంలో పక్క డిపార్ట్‌మెంట్‌ని తిట్టబోయే ముందు వీళ్ళకి ఇది గుర్తొస్తే నా పరువు పోయినా ఫర్వాలేదు. ర్యాంకుల పట్టిక చూపించి ఈ ఆట సాఫ్ట్‌వేర్లు అమ్మడానికి వచ్చేవాళ్ళు, ఆట అయ్యాక ఇలా మాట్లాడుకునే భాగాన్ని పది నిమిషాల్లో కానిచ్చేస్తారు. ఆటకి ఎంతసేపో దీనికీ అంతసేపు ఉంచండి. మాకు గది మూడు గంటలే ఇచ్చారు. మాటలు వేడెక్కిన వేళకి అటెండర్ తాళాలు ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు.

వచ్చేవారం రెండో సెక్షన్‌కి ఆడించాలి. చీటీలు ఈసారి నేనే రాసుకుంటాను. ఎవరు రాకపోయినా ఆ కుర్చీలో మాత్రం కూర్చోను.