పబ్లిషర్‌కి గేమ్ పిచ్ చేసేముందు లెక్క తేల్చుకోండి

కొత్త గేమ్ డిజైనర్ల పిచ్ డెక్‌లో (గేమ్‌ని పరిచయం చేసే స్లైడ్‌లలో) సగం కథే ఉంటుంది: రాజ్యం, శాపం, వంశవృక్షం. డబ్బు పెట్టి గేమ్‌ని విడుదల చేసే పబ్లిషర్‌కి కావాల్సింది ఆటగాడు ఏం చేస్తాడన్నది. ‘గోల్కొండ నేపథ్యంలో సాహసగాథ’ అంటే ఏమీ చెప్పనట్టే. ‘ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, ఆ శబ్దంతో కాపలావాళ్లను దారి మళ్లించే స్టెల్త్ గేమ్’ అనండి, వెంటనే బొమ్మ కడుతుంది. ఈ ఒక్క వాక్యం కుదరకపోతే తప్పు డెక్‌లో కాదు, గేమ్‌లోనే ఉందని నా నమ్మకం.

డెక్‌కి 10-12 స్లైడ్‌లు చాలు. రెండోదాంట్లోనే 30 సెకన్ల గేమ్‌ప్లే వీడియో పెట్టండి. లోగో, కట్‌సీన్ (ఆడకుండా చూసే కథా దృశ్యం) వద్దు. పోలికకి సూపర్‌హిట్లనే చూపిస్తే నమ్మరు, మీ స్థాయి టీమ్‌లు ఈమధ్య విడుదల చేసినవి చూపించండి.

అసలు తడబడేది బడ్జెట్ దగ్గర. నలుగురు, నెలకి తలా 60,000, 18 నెలలు అనుకుందాం: 43.2 లక్షలు. అనుకోని ఖర్చులకి 20 శాతం కలిపితే 51.84 లక్షలు. సౌండ్, టెస్టింగ్, అనువాదం ఇంకా వేయలేదు. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ మామూలుగా అమ్మకాల్లో 30 శాతం తీసుకుంటుంది. డిస్కౌంట్లు, రీఫండ్‌లు, పన్నులు పోగా కాపీకి 200 మిగిలితే పెట్టుబడి తిరిగి రావడానికే 25,920 కాపీలు అమ్ముడుపోవాలి. చాలా ఒప్పందాల్లో మీ వాటా ఆ తర్వాతే మొదలవుతుంది. అందుకే ఈ అంకె వాళ్లు అడిగేలోపే మీ దగ్గరుండాలి. భయపడి బడ్జెట్ తగ్గించి రాయకండి, సగంలో డబ్బైపోతుందని చూడగానే తెలిసిపోతుంది.

పబ్లిషర్‌కి ఆడి చూడ్డానికి పంపే బిల్డ్‌ని (గేమ్ ఫైళ్లని) జిప్ చేసి, గేమ్ ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. మీ దగ్గర ఆడి అక్కడ ఆగిపోవడం మామూలే, ఏదో ఒక ఫైల్ ప్యాక్ అయి ఉండదు. డిజిటల్ సంతకం లేని ఫైల్‌కి విండోస్ హెచ్చరిక చూపించొచ్చు, ఆ మాట మెయిల్‌లోనే చెప్పండి. డ్రైవ్ లింక్‌ని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూశాకే పంపండి. ‘యాక్సెస్ అడగండి’ అని వస్తే చాలామంది అక్కడితో వదిలేస్తారు.

ఐడియా కొట్టేస్తారేమోనని మొదటి మెయిల్‌లోనే ఎన్‌డీఏ (విషయం బయటపెట్టమనే ఒప్పందం) అడగొద్దు. కాపీరైట్ ఉత్త ఐడియాకి రాదు. కోడ్‌కి, బొమ్మలకి, రాతకి వస్తుంది.

మాట కుదిరితే మైల్‌స్టోన్ (ఒప్పుకున్న ఒక్కో దశ పని) పంపాక ఎన్ని రోజుల్లో ఆమోదిస్తారో, ఎన్ని రోజుల్లో డబ్బు వేస్తారో ఒప్పందంలో రాయించుకోండి. ఆ గడువు లేకపోతే ముందు ఆగేది మీవాళ్ల జీతాలే.